పెండింగులో పెట్టిన ప్రశ్న

కేంద్ర ప్రభుత్వంలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, డిప్యూటీ సెక్రటరీ హోదాలో పదవీ విరమణ చేసిన రాధాకృష్ణమూర్తి గారికి రెండు విద్యలలో సాటి లేరని ఆయన శాఖలో అందరూ ఒప్పుకునేవారు. ఎంత లావు ఫైలునైనా ఒక్క పేజీకి కుదించడం అందులో ఒకటి. ఆయన నోటు చదివిన పై అధికారికి వెనకనున్న కాగితాలు తిప్పవలసిన అవసరం కలిగేది కాదు. తేలకూడదని తనకు తోచిన విషయాన్ని తేలకుండా ఉంచడం రెండవది. అటువంటి ఫైలును ఆయన తిరస్కరించేవారు కారు, ఎవరినీ ఎదిరించేవారు కారు. ఎవరో ఒకరు ఏదో ఒక చిన్న సందేహం అడిగే ఉంటారు కదా, దానికి జవాబు పంపకుండా ఊరుకునేవారు, అంతే. గడువు దాటిపోయేది. ఆ తరువాత ఆ నిర్ణయంతో ఎవరికీ పని ఉండేది కాదు. ఇది మోసమని ఆయన ఏనాడూ అనుకోలేదు. నేర్పు అనుకున్నారు.

రెండువేల ఐదు మార్చిలో ఆయన భార్య ఛాయాదేవి ఎడమ రొమ్ములో ఉన్నది క్యాన్సర్ గడ్డేనని బయాప్సీలో తేలింది. ఆ సాయంత్రమే ఢిల్లీ జనక్‌పురిలోని తమ ఫ్లాటులో, భోజనాల బల్ల మీద ఆయన కొత్త ఫైలు ఒకటి తెరిచారు. అట్ట మీద ఆమె పేరు పొందికైన అక్షరాలతో రాసి, చిల్లు పొడిచి, ట్యాగు దారం ఎక్కించారు.

"నా పేరు మీద ఫైలా!" అంది ఛాయాదేవి, కూర తరుగుతున్న చెయ్యి ఆపి. "ముప్పై ఆరేళ్ల కాపురం తరువాత ఇప్పటికి మీ కంటికి ఆనానన్నమాట."

"హాస్యానికిది సమయం కాదు, ఛాయా."

"మరెప్పుడండీ? కోసేశాకనా?"

ఆయన దారం ముడి బిగించారు.

ఏప్రిల్ మొదటి వారంలో ఆపరేషన్ అయింది. రొమ్ము తీసేశారు, చంకలోని లింఫు గ్రంథులనూ తీసి పరీక్షకు పంపారు. పది రోజుల తరువాత వచ్చిన రిపోర్టు తెచ్చుకోవడానికి ఆయన ఒక్కరే వెళ్లారు. ఛాయాదేవికి చెయ్యి ఇంకా భుజం వరకు లేవడం లేదు. పైగా వాళ్లింట్లో ఎవరికి జబ్బు చేసినా కాగితాలు చూపించి రావడమనే పని ఆయనదే. రోగి ఇంట్లో ఉండేది, కాగితాలు డాక్టరు దగ్గరకు వెళ్లేవి. ఆ ఏర్పాటును ఎవరూ ఎన్నడూ ప్రశ్నించలేదు.

ఆస్పత్రి వరండాలో నిలబడే ఆయన రిపోర్టు మొత్తం చదివారు. గడ్డ రెండు సెంటీమీటర్ల లోపే. తీసిన పన్నెండు గ్రంథులలో ఒక్కదానికీ జబ్బు పాకలేదు. హార్మోను మందుకు లొంగే రకం. స్టేజి ఒకటి. ప్రాణం లేచి వచ్చినట్లయింది. అప్పుడు కంటబడింది మరొక వాక్యం, పేజీ మధ్యలో, ఏ ప్రత్యేకతా లేకుండా: గ్రేడ్ మూడు.

తెలియని మాటను తెలియకుండా వదిలిపెట్టడం ఆయన స్వభావంలో లేదు. ఇంటికి వెళ్లే దారిలో డిస్ట్రిక్ట్ సెంటర్ దుకాణాల దగ్గర ఇంటర్నెట్ కేఫ్‌లో, కాలేజీ పిల్లల మధ్య ఇరుకు గదిలో కూర్చుని గంటన్నర చదివారు. స్టేజి అంటే జబ్బు ఎంత దూరం నడిచిందన్న కొలత. గ్రేడ్ అంటే దాని నైజం ఎటువంటిదన్న అంచనా. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినప్పుడు ఆ కణాలు మామూలు కణాల పోలికను ఎంత నిలుపుకున్నాయి, ఎంత తొందరగా చీలుతున్నాయి అన్నవి చూసి ఒకటి నుంచి మూడు వరకు అంకె వేస్తారు. ఒకటి అయితే నెమ్మదైన రకం. మూడు అయితే పోలిక పూర్తిగా చెదిరిపోయి, ఉరకలు వేసే రకం. గడ్డ చిన్నదై, గ్రంథులు శుభ్రంగా ఉండి, గ్రేడ్ ఒకటే అయితే చాలామంది డాక్టర్లు హార్మోను బిళ్ళలతో సరిపెడతారు. అదే గడ్డ, అవే గ్రంథులు, కాని గ్రేడ్ మూడు అయితే కీమో కూడా ఇవ్వడం మంచిదంటారు.

అంతా విశదంగా అర్థమైంది. తరువాతి రోజులలో ఆయనకు మిగలని సాకు ఏదైనా ఉంటే, అర్థం కాలేదన్న సాకే.

ఆరేళ్ల క్రితం ఛాయాదేవి చెల్లెలు రాజేశ్వరమ్మ ఇదే జబ్బుతో కాకినాడ నుంచి వైద్యానికి ఢిల్లీ వచ్చి, ఈ ఫ్లాటులోనే వెనక గదిలో ఐదు నెలలు ఉంది. కీమో ఎక్కించుకుని వచ్చిన ప్రతిసారీ నాలుగైదు రోజులు మంచినీళ్లు కూడా ఇమడక వాంతులు చేసుకునేది. దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. చివరకు దక్కలేదు. ఆమె పోయిన రోజు ఛాయాదేవి గోడకు తల ఆనించి, "నాకే గనక వస్తే ఈ మందు మాత్రం ఎక్కించకండి, మీకు దణ్ణం పెడతాను" అని ఏడ్చింది.

రాధాకృష్ణమూర్తి గారు ఆ మాట మరిచిపోలేదు. దానిని ఆమె ఇచ్చిన ఆదేశంగా మనసులో భద్రపరచుకున్నారు. ఇంటర్నెట్ కేఫ్ నుంచి బయటకు వచ్చేసరికి ఆయన చేయవలసినదేమిటో ఆయనకు స్పష్టంగానే ఉన్నది.

మూడు రోజుల తరువాత క్యాన్సర్ మందుల డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఆయన చేతిలో టైపు చేయించిన ఒక పేజీ నోటు ఉన్నది. రోగి వయస్సు, ఆపరేషన్ తేదీ, గడ్డ పరిమాణం, గ్రంథుల సంఖ్య, హార్మోను ఫలితం, స్టేజి, అన్నీ వరుసగా ఉన్నాయి. అందులో ఒక్క అక్షరం అసత్యం లేదు. ఒక్క వాక్యం మాత్రం లేదు.

ఆ డాక్టరు పెద్దాయన, పంజాబీ. గది బయట ఎనభై మంది, లోపల పదిమంది. నోటు చదివిన డాక్టరు ముఖం వికసించింది.

"వాహ్, మూర్తి సాబ్! మా రెసిడెంట్ డాక్టర్లకు కూడా ఇలా రాయడం రాదు. ఏ మినిస్ట్రీ మీది?"

రాధాకృష్ణమూర్తి గారు శాఖ పేరు చెప్పారు. అటువంటి సమయంలో కూడా ఆయనకు కొంచెం గర్వం కలిగింది. తరువాతి కాలంలో, ఆ రోజు జరిగిన వాటన్నిటిలో, ఆయనను ఎక్కువగా సిగ్గుపరచినది ఆ గర్వమే.

"అన్నీ రాశారు గాని, గ్రేడ్ రాయలేదేం?" అన్నాడు డాక్టరు, కాగితం వెనక్కి తిప్పి చూస్తూ.

రిపోర్టు రాధాకృష్ణమూర్తి గారి కాళ్ల దగ్గరున్న సంచిలోనే, ఫైలులోనే ఉన్నది.

"అసలు రిపోర్టు ఇంటి దగ్గర ఉండిపోయింది, సర్," అన్నారాయన, తడబాటు లేని ఇంగ్లీషులో.

"కోయీ బాత్ నహీఁ, ఫరవాలేదు. బిళ్ళలు రాస్తున్నాను, ఇవి ఎలాగూ కావాలి. కీమో సంగతి మాత్రం గ్రేడ్ చూసి చెబుతాను. వారంలో రిపోర్టు తీసుకుని రండి. అవసరమైతే బిళ్ళలు ఆపి ముందు అదే ఇద్దాం."

చీటీ మీద ఆ మాటే రాసి ఇచ్చాడు. అప్పటికే తరువాతి రోగి కాగితాలు బల్ల మీదికి వచ్చేశాయి.

ఇంటికి వచ్చేసరికి ఛాయాదేవి తలుపు తీసుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నది.

"ఏమన్నారు?"

"బిళ్ళలు వేసుకోమన్నారు."

"మరి ఆ మందు?"

"బిళ్ళలు చాలు," అన్నారాయన చెప్పులు విప్పుతూ. తల ఎత్తి చెప్పలేదు.

ఛాయాదేవి అక్కడే గుమ్మం మీద కూర్చుని పైట నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ ఆదివారం, చెయ్యి లేవకపోయినా, ఒంటి చేత్తో పూర్ణం ఉడికించి, పనిమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని బొబ్బట్లు చేయించి బ్లాకులో ఇంటింటికీ పంచింది. పై అంతస్తు పంజాబీ ఆవిడ దిగివచ్చి ఆమెను కావలించుకుని "శుక్ర్ హై భగవాన్ కా" అని దేవుడికి దణ్ణం పెట్టి, బొబ్బట్లు ఎలా చేయాలో కూడా అడిగి వెళ్లింది.

వారం గడిచింది. రేపు వెళదామనుకున్నారు రాధాకృష్ణమూర్తి గారు. రేపు వెళ్లకపోతే ఏమన్న ఆలోచన కూడా దాని వెంటనే వచ్చింది. రెండో వారంలో డాక్టరే ఫోను చేయించవచ్చునేమోనని రెండు మూడు రోజులు బెదురుగా ఉన్నది. ఎనభై మందిలో ఒక్కరు రాకపోతే ఎవరు ఫోను చేస్తారు? జూన్ వచ్చేసరికి ఆయనకు నిద్ర బాగా పట్టసాగింది. గడువు దాటిన ఫైలును చూసినప్పుడు ఆఫీసులో కలిగే నిమ్మళమే అది. ఛాయాదేవి తేరుకుని, మళ్లీ కూరల బండివాడితో బేరాలాడుతూ ఉన్నది. బాల్కనీలోంచి ఆ గొంతు వింటూ, తాను ఆమెను ఒక నరకం నుంచి తప్పించాననీ, ఆ సంగతి ఆమెకు ఎన్నటికీ తెలియనక్కరలేదనీ అనుకున్నారు. ఆగస్టులో ఆ డాక్టరు పదవీ విరమణ చేసి సొంత ఊరు వెళ్లిపోయాడు.

నవంబరులో కూతురు వైశాలి పట్టుబట్టింది. గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని, ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల.

"ఆ డాక్టర్ వెళ్లిపోయి మూడు నెలలైంది, మమ్మీని ఎవరూ చూడట్లేదు. యే క్యా బాత్ హుయీ, ఇదేం పద్ధతి నాన్నా? సాకేత్‌లో డాక్టర్ గౌరి అని ఉన్నారు, మా ఫ్రెండ్ వాళ్ల ఆంటీకి ఆవిడే చూస్తున్నారు. శనివారం వెళ్తున్నాం. బస్, అంతే."

రాధాకృష్ణమూర్తి గారు అభ్యంతరం చెప్పలేదు. శుక్రవారం సాయంత్రం కొత్త నోటు టైపు చేయించారు. పాత చీటీని ఫైలులోంచి తీసివేయాలన్న ఆలోచన ఒకసారి వచ్చింది. కాని రికార్డులోంచి కాగితం తొలగించడం అన్నది ఆయన జీవితంలో చేయని పని. చెయ్యి వెళ్లలేదు.

డాక్టర్ గౌరికి నలభై ఏళ్లుంటాయి. ఛాయాదేవిని పరీక్ష చేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. రాధాకృష్ణమూర్తి గారు అందించిన నోటును చూసి చిరునవ్వు నవ్వి పక్కన పెట్టింది.

"ఇది తరువాత చదువుతాను, అంకుల్. ఒరిజినల్స్ ఇవ్వండి."

ఒక్కొక్క కాగితమే తిప్పింది. ఆయన బల్ల అంచు వైపు చూస్తూ కూర్చున్నారు. ఏ పేజీ వద్ద ఆమె చెయ్యి ఆగుతుందో ఆయనకు తెలుసు. ఆగింది.

"గ్రేడ్ త్రీ," అంది డాక్టరు. "కీమో ఎన్నిసార్లు అయింది?"

"అవ్వలేదు," అంది వైశాలి. "అక్కర్లేదన్నారు కదా. హై నా, నాన్నా?"

డాక్టరు పాత చీటీ తీసి వెలుతురుకు పట్టుకుంది. "అక్కర్లేదని ఇందులో లేదే. గ్రేడ్ చూసి నిర్ణయిద్దాం, వారంలో రిపోర్టు తీసుకుని రమ్మని ఉంది. వెళ్లారా?"

మరిచిపోయానని అనవచ్చును. డాక్టరు ఊరిలో లేడని అనవచ్చును. ఆయనకు రెండూ తోచాయి. ఛాయాదేవి తన వైపే చూస్తున్నదని చూడకుండానే తెలిసింది.

"వెళ్లలేదు. గ్రేడ్ సంగతి నాకు అప్పటికే తెలుసు. అది నేను తీసుకున్న నిర్ణయం," అన్నారు.

"అంకుల్, ఆ నిర్ణయం మీది కాదు," అంది డాక్టరు, గొంతు పెంచకుండా.

వైశాలి "నాన్నా!" అని ఆగిపోయింది. ఛాయాదేవి మాత్రం కుర్చీని కొద్దిగా ముందుకు జరుపుకుని, తన కాకినాడ హిందీలో నేరుగా డాక్టరును అడిగింది.

"డాక్టర్ సాబ్, గ్రేడ్ అంటే ఏమిటి? నాకు చెప్పండి. ఆయనకు కాదు."

డాక్టరు చీటీల ప్యాడు వెనక రెండు బొమ్మలు గీసింది. ఒకదానిలో ఒద్దికగా పేర్చిన గుండ్రటి కణాలు, రెండవదానిలో చిన్నా పెద్దా, వంకరటింకరగా ఒకదానిమీద ఒకటి ఎక్కినవి. నెమ్మదిగా హిందీలో వివరించింది. ఛాయాదేవి రెండవ బొమ్మ మీద వేలు పెట్టింది.

"నాది ఇదా?"

"హాఁ, ఆంటీజీ. కాని చిన్నది, పాకకముందే తీసేశారు. అది మీ అదృష్టం. అయితే ఈ రకం ఎక్కడైనా ఒకటి రెండు కణాలను కంటికి కనబడకుండా వదిలి ఉండవచ్చు. వాటి కోసమే కీమో."

"అప్పుడిచ్చి ఉంటే?"

"తిరగబెట్టే ప్రమాదం కొంత తగ్గేది. మీలాంటి వందమందికి ఇస్తే అందులో కొద్దిమందికే అది పనికివచ్చేది. ఆ కొద్దిమందిలో మీరున్నారా లేదా అన్నది నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు."

"ఇప్పుడిస్తే?"

"ఆపరేషన్ అయ్యాక నాలుగైదు వారాలలో మొదలుపెట్టవలసింది. మహా అయితే మూడు నెలలలోపు. ఇప్పటికి ఏడు నెలలు దాటాయి. ఇప్పుడిస్తే బాధ ఖాయం. లాభం ఉంటుందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. బిళ్ళలు మానకండి. ఇవాళే కొన్ని పరీక్షలు చేయిద్దాం, అవి చూసుకుని మళ్లీ మాట్లాడుకుందాం."

పరీక్షలు అయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఫలితాల కోసం వైశాలి కౌంటరు దగ్గర నిలబడింది. తండ్రి పక్కన నిలబడడం ఇష్టం లేకనే వెళ్లిందని ఆయనకు తెలుసు. వరండాలో ఇనుప కుర్చీలలో భార్యాభర్తలు పక్కపక్కన కూర్చున్నారు. ఫైలు ఆయన ఒళ్లో, ఎక్స్‌రే కవరు పక్క కుర్చీలో ఉన్నాయి.

"నువ్వే అన్నావు," అన్నారాయన. "రాజేశ్వరి పోయిన రోజున. నాకు వస్తే ఆ మందు ఎక్కించకండి అని."

ఛాయాదేవి తల తిప్పి ఆయనను వింతగా చూసింది.

"తోబుట్టువు శవం ముందు ఏడుస్తూ అన్న మాట అది. దాన్ని మీరు రికార్డు చేసుకున్నారా?"

"నువ్వు భయపడతావని..."

"భయపడేదాన్ని. భయపడుతూనే ఎక్కించుకునేదాన్ని. రాజేశ్వరికి కాలేయం దాకా పాకాక తెలిసిందండీ. నాది ఇంత ఉన్నప్పుడే తెలిసింది. ఆ మాత్రం తేడా నాకు తెలియదనుకున్నారా? ఒక్కమాట అడిగి ఉంటే తీసుకునేదాన్ని."

 ఏడు నెలలుగా ఆయన నిలబడి ఉన్న నేల ఒక్క వాక్యం: ఆమెకు వద్దు, కనుక నేను తప్పించాను. ఆ వాక్యంలో మొదటి సగం ఇప్పుడు లేకుండా పోయింది.

"ఒకటి చెప్పనా?" అంది ఆమె, ఈసారి మరింత మెల్లగా. "దాని వాంతులు పట్టింది నేను. జుట్టు ఏరింది నేను. మీరు ఆ గది గుమ్మం దాకా వచ్చి, ఎలా ఉందని అడిగి, ఆఫీసుకు టైమయిందని వెళ్లిపోయేవారు. ఆదివారాలు కూడా. నాకేం అనిపించేది కాదు, మగాడు చూడలేడులే అనుకునేదాన్ని. ఇప్పుడు తెలిసింది. మీరు చూడలేని దానికి నా పేరు పెట్టారు."

ఎదురుగా గోడ మీద గడియారం ఉన్నది. దాని కింద ఎవరో ముసలాయన కమలాపండు ఒలిచి భార్యకు తొనలు అందిస్తున్నాడు. రాధాకృష్ణమూర్తి గారు ఆ వైపు చూడలేక చూపు దించుకున్నారు. క్షమించమన్న మాట ఆయన గొంతులోకి వచ్చింది. జీవితంలో ఆ మాటను ఆయన ఉత్తరాలలో చాలాసార్లు రాశారు, ఇంగ్లీషులో, శాఖ తరఫున. తెలుగులో, నోటితో, ఆమెతో ఎన్నడూ అనలేదు. అది ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"బొబ్బట్లు పంచానండీ, బ్లాకంతా," అంది ఛాయాదేవి. నవ్వబోయింది గాని ముఖం సహకరించలేదు. "మీరు కూడా రెండు తిన్నారు. మూడోది అడిగితే నేనే షుగరని ఇవ్వలేదు."

"ఛాయా, నేను చేసింది..." అని ఆయన మొదలుపెట్టారు.

"ఇప్పుడొద్దు. ఇంటికి వెళ్లాక కూడా వద్దు. ఎప్పుడు వినాలనిపిస్తే అప్పుడు నేనే అడుగుతాను."

నర్సు తలుపు తీసి "ఛాయాదేవీజీ" అని పిలిచింది. అలవాటు ప్రకారం రాధాకృష్ణమూర్తి గారే ముందు లేచారు. ఛాయాదేవి కుడి చెయ్యి చాచి ఆయన చేతిలోని ఫైలును అందుకుంది. ఆయన దానిని ఒక్క క్షణం వదలలేదు, పట్టుదలతో కాదు, వేళ్లకు వెంటనే అర్థం కాలేదు. తరువాత వదిలారు.

"మీరు ఇక్కడ కూర్చోండి," అంది. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉండి ఉంటే ఆయనకు కొంత తేలికగా ఉండేది.

ఫలితాల కాగితాలతో పరుగున వచ్చిన వైశాలి, "మమ్మీ, నేను వస్తాను" అంది.

"ఆ కాగితాలిచ్చి నువ్వూ కూర్చో, తల్లీ. ముందు నేను వింటాను. తరువాత మీ ఇద్దరికీ నేనే చెబుతాను."

తలుపు మూసుకుంది. వైశాలి తండ్రికి ఒక కుర్చీ ఎడంగా కూర్చుని ఫోను చూసుకోసాగింది. లోపలి నుంచి ఛాయాదేవి గొంతు వినబడుతున్నది, మాటలు తెలియడం లేదు. అడుగుతున్నది, ఆగుతున్నది, మళ్లీ అడుగుతున్నది. ఇన్ని ప్రశ్నలు ఆమెలో ఉన్నాయని ఆయన ఎరగరు. ఒకచోట చాలాసేపు నిశ్శబ్దంగా ఉన్నది. ఆ నిశ్శబ్దంలో ఏ ఫలితం చదువుతున్నారో, ఏ అంకె దగ్గర ఆగారో ఊహించడానికి ఆయన దగ్గర ఒక్క కాగితం కూడా లేదు.

నర్సు మళ్లీ బయటకు వచ్చింది. "ఎక్స్‌రే ఫిల్ములు మీ దగ్గర ఉండిపోయాయట, ఇవ్వండి."

పక్క కుర్చీలో ఉన్న పెద్ద కవరును ఆయన రెండు చేతులతో తీసి ఇచ్చారు. ఇస్తూ, "నేను కూడా రావాలేమో, ఒకసారి అడగండి" అన్నారు.

నర్సు తల లోపలికి పెట్టి అడిగింది. లోపలి నుంచి ఏదో చిన్న జవాబు వచ్చింది.

"నహీఁ, అంకుల్. ఆప్ బైఠియే."

ఆయన కూర్చున్నారు.